మనాలీ వెళ్తున్నారా? బియాస్ ఒడ్డున దిగే ముందు ఆ నదిని చదవడం నేర్చుకోండి

మన కృష్ణా గోదావరులు నెలల లెక్కన నడుస్తాయి. జూన్‌లో నైరుతి వస్తుంది, ఆల్మట్టి నిండిందా, జూరాలకి ఇన్‌ఫ్లో ఎంత అని జులై ఆగస్టుల్లో టీవీలో చూస్తాం, శ్రీశైలం గేట్లు ఎత్తారంటే ఇక సాగర్‌కి నీళ్లొస్తాయని లెక్కేసుకుంటాం. ఎక్కడో వాన పడాలి, అప్పుడే ఏరు వస్తుంది. చిన్నప్పటి నుంచీ మనకు తెలిసిన ఏరు ఇదే. అందుకే ఆకాశం నిర్మలంగా ఉండి, నీళ్లు మోకాలి లోతులో ఉంటే ధైర్యంగా దిగేస్తాం.

బియాస్ ఒడ్డున ఈ లెక్క పనికిరాదు. అక్కడ ఎండ బాగా కాసిన రోజే నీళ్లు పెరుగుతాయి. ఒక్క చినుకు కూడా పడకుండా, పైన ఎక్కడో గేటు ఎత్తినందుకు నిమిషాల్లో నది మారిపోతుంది. 2014 జూన్ 8 సాయంత్రం హిమాచల్ ప్రదేశ్ మండీ జిల్లాలో థలౌట్ దగ్గర హైదరాబాద్ నుంచి టూర్‌కి వెళ్లిన ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది, వాళ్లతో ఉన్న టూర్ గైడ్ ఒకరు అలాగే కొట్టుకుపోయారు. రాళ్ల మీద నిలబడి ఫొటోలు తీసుకుంటున్నారు, ఎగువన లార్జీ డ్యామ్ నుంచి నీళ్లు వదిలారు. 2016లో హిమాచల్ హైకోర్టు ఒక్కో కుటుంబానికి 20 లక్షల పరిహారం ఇవ్వాలని తీర్పు చెప్పింది. తప్పు ఎవరిదన్నది కోర్టు చూసింది, నేను ఇక్కడ దాని గురించి రాయడం లేదు. ఏటా మన తెలుగు పిల్లలు, కుటుంబాలు వేల మంది అదే రోడ్డు మీద మనాలీ వెళ్తున్నారు, ఆ నది ఎలా నడుస్తుందో మాత్రం చాలామందికి ఎవరూ చెప్పడం లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

గుర్తుపెట్టుకోవలసింది ఏమిటంటే, ఆ నదికి రెండు గడియారాలున్నాయి, ఒకటి ఎండది, ఇంకొకటి గేట్లది. పొలానికి పెట్టే నీళ్లయినా, కరెంటుకి పోయే నీళ్లయినా, మీ కాళ్ల కింద పారే నీళ్లయినా ఈ రెండింటి ప్రకారమే కదులుతాయి.

ముందు ఎండ గడియారం

బియాస్ రోహ్‌తాంగ్ కనుమ దగ్గర, దాదాపు 4,000 మీటర్ల ఎత్తులో పుడుతుంది. బియాస్ కుండ్ నుంచి సోలాంగ్ లోయ మీదుగా వచ్చే ఇంకో పాయ దిగువన కలుస్తుంది. మన పురాణాల్లో దీని పేరు విపాశ. కొడుకుల్ని పోగొట్టుకున్న దుఃఖంలో వశిష్ఠుడు తాళ్లతో తనను తాను కట్టుకుని ఇందులో దూకితే, నది ఆ పాశాలు విప్పి ఆయన్ని ఒడ్డుకి చేర్చిందని మహాభారతంలో ఉంది.

మీరు మే నుంచి సెప్టెంబరు లోపల వెళ్తే ఒక చిన్న పని చేయండి. సోలాంగ్ వైపు ఏదైనా చిన్న వాగు చూసుకుని, పొద్దున్నే ఆరు ఏడు గంటలకి నీటి అంచు ఎక్కడుందో చూసి, ఒడ్డున కదలని ఒక పెద్ద రాయిని గుర్తు పెట్టుకుని ఫొటో తీసుకోండి. మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం నాలుగైదు గంటలకి ఇంకొకసారి అదే చోట నిలబడి చూడండి, ఎండ కాసిన రోజైతే పొద్దున పొడిగా ఉన్న రాళ్లు సాయంత్రానికి నీళ్లలో ఉంటాయి. రాత్రి పైన చలికి కరగడం ఆగిపోతుంది, తెల్లవారుజామున వాగు అన్నిటికంటే తక్కువగా ఉంటుంది, ఎండెక్కిన కొద్దీ మంచు కరిగి, కరిగిన నీళ్లు కిందికి చేరేసరికి సాయంత్రం అవుతుంది. ట్రెక్కింగ్ వాళ్లు వాగులు దాటే పని తెల్లవారుజామునే పెట్టుకునేది ఇందుకే. పొద్దున మోకాలి లోతులో దాటిన వాగు సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు నడుము దాకా ఉండొచ్చు, పొద్దున దాటాం కదా అన్న నమ్మకంతో ఇరుక్కుపోయేవాళ్లు ఉంటారు. అలాంటప్పుడు చేయవలసింది ఒకటే, ఆ రాత్రికి అవతలి ఒడ్డునే ఆగి తెల్లారి దాటడం.

కిందికి వచ్చేకొద్దీ ఈ గడియారం ఆలస్యంగా నడుస్తుంది. మనాలీ పైన సాయంత్రం వచ్చిన పోటు కులూ చేరేసరికి బాగా పొద్దుపోవచ్చు, ఇంకా కిందికి వెళ్తే రాత్రి అవుతుంది, మధ్యలో పార్వతి లాంటి పెద్ద ఉపనదులు కలిసేసరికి ఎత్తుపల్లాలు కలిసిపోయి అంత స్పష్టంగా తెలియదు. కాబట్టి పైన ఉన్నప్పుడు సాయంత్రం జాగ్రత్త, కింద నది ఒడ్డున టెంట్‌లో పడుకునేటప్పుడు రాత్రి జాగ్రత్త. అసలు నది పక్కన ఇసుక మేట మీద టెంట్ వేసే క్యాంపుల్లో ఉండవద్దనే నేను చెప్తాను. ఆ ఇసుకని అక్కడికి తెచ్చి పోసింది నదే కదా, అంటే ఆ ఎత్తు దాకా నది వస్తుందనే అర్థం.

తర్వాత రంగు చూడండి. హిమానీనదం నుంచి వచ్చే నీళ్లు కాస్త పాలు కలిపినట్టు బూడిద రంగులో ఉంటాయి. మంచు గడ్డ కొండ మీద జారుతూ అడుగున ఉన్న రాయిని తిరగలిలో పిండి విసిరినట్టు విసురుతుంది, ఆ రాతిపిండి నీళ్లలో కలిసి వస్తుంది. ఒక ఖాళీ సీసాలో నది నీళ్లు పట్టి హోటల్ గదిలో కదపకుండా పెట్టండి, తెల్లారేసరికి అడుగున బూడిద రంగు పొర కనిపిస్తుంది. పిల్లలతో వెళ్తే తప్పకుండా చేసి చూపించండి. ఆ పొరలో గాజుని గీసేంత గట్టి క్వార్ట్జ్ రేణువులుంటాయి, టర్బైన్ రెక్కల్ని అరగదీసేది ఇవే. పక్కనే సట్లెజ్ మీద ఉన్న నాథ్‌పా ఝాక్రీ 1,500 మెగావాట్ల ప్రాజెక్టులో నీళ్లు బాగా ఉన్న వానాకాలంలోనే బురద మరీ ఎక్కువైతే మెషిన్లు ఆపేయాల్సి వస్తుంది. నిండు నది ముందు పారుతుంటే కరెంటు ఆపుకుని కూర్చోవడం మన సీలేరులోనో శ్రీశైలంలోనో ఊహించలేం.

ఒక మాట కూడా స్పష్టంగా చెప్పాలి. హిమానీ నది అనగానే నీళ్లన్నీ మంచువే అనుకుంటాం. మండీకి ఎగువన పండో డ్యామ్ దగ్గర బియాస్‌లో ఏడాది మొత్తం పారే నీళ్లలో మంచు, హిమానీనదాల వాటా సుమారు 35 శాతమని లెక్కలున్నాయి, మిగతాది వాన, ఊటలు. టిబెట్ నుంచి వచ్చే సట్లెజ్‌లో భాక్రా దగ్గర ఈ వాటా దాదాపు 59 శాతం, ఎందుకంటే దాని ఎగువ ప్రాంతానికి నైరుతి వానలు అంతగా అందవు. అయినా 35 శాతాన్ని తక్కువ అనుకోకండి, అవి వచ్చే సమయం చూడండి. మన దగ్గర రిజర్వాయర్లు అడుగంటి, చెరువులు నెర్రెలిచ్చే ఏప్రిల్, మే నెలల్లో అక్కడ మంచు కరిగి నది పెరుగుతూ ఉంటుంది. జులై ఆగస్టుల్లో కరిగే నీళ్ల మీద వాన కూడా పడుతుంది, నది అన్నిటికంటే ప్రమాదకరంగా ఉండేది అప్పుడే. 2023 జులై 9, 10 తేదీల్లో కులూ, మనాలీ రోడ్డుని చాలా చోట్ల కోసుకుపోయింది ఇలాంటి రోజుల్లోనే. జులై 15 నుంచి సెప్టెంబరు 15 దాకా హిమాచల్‌లో రాఫ్టింగ్ నిషేధం, ఎవరైనా ఆ రోజుల్లో తక్కువ రేటుకి తీసుకెళ్తామంటే వెళ్లకండి.

గేట్ల గడియారం

మన వాళ్లకి అసలు తెలియనిది ఇదే కాబట్టి దీని దగ్గర కాస్త ఆగి చెప్తాను.

మనకి డ్యామ్ అంటే సాగర్ లాంటిది, సముద్రంలా నీళ్లు నిలబడి ఉంటాయి, గేట్లు ఎత్తితే పేపర్లో వస్తుంది, జనం చూడ్డానికి వెళ్తారు. కొండల్లో చాలా ప్రాజెక్టులు అలా ఉండవు. నదికి అడ్డంగా చిన్న డ్యామ్ కట్టి, కొన్ని గంటలకి సరిపడా నీళ్లు మాత్రం నిలబెట్టి, ఆ నీళ్లని కొండలో తవ్విన సొరంగంలోకి మళ్లిస్తారు. సొరంగం కొన్ని కిలోమీటర్లు దాదాపు సమానంగా పోతుంది, బయట నది మాత్రం అదే దూరంలో నిటారుగా దిగిపోతుంది, చివర్లో ఈ రెండింటి మధ్య ఏర్పడిన ఎత్తు నుంచి నీళ్లని పైపులో కిందికి వదిలి టర్బైన్ తిప్పుతారు, ఆ నీళ్లని మళ్లీ నదిలో కలిపేస్తారు. లార్జీ ఇలాంటిదే, 126 మెగావాట్లది, సైంజ్, తీర్థన్ నదులు బియాస్‌లో కలిసే చోటుకి దగ్గర్లో ఉంటుంది. సైంజ్ లోయలో పవర్‌హౌస్ ఉన్న పార్వతి 2 ప్రాజెక్టు 800 మెగావాట్లది, దాని సొరంగమే 31 కిలోమీటర్ల పైన ఉంటుంది.

ఇప్పుడు ఆలోచించండి, డ్యామ్ దగ్గర నీళ్లు సొరంగంలోకి వెళ్లిపోతే, డ్యామ్‌కీ పవర్‌హౌస్‌కీ మధ్య ఉన్న నది ఏమవుతుంది? దాదాపు ఎండిపోయి, తెల్లటి గుండ్రాళ్లు బయటపడి, మధ్యలో సన్నగా చల్లటి నీళ్లు పారుతూ, ఎవరికైనా దిగి కూర్చోవాలనిపించేలా ఉంటుంది. అన్నిటికంటే ప్రమాదమైన చోటు అదే. ఏదో కారణంతో టర్బైన్లు ఆపారనుకోండి, గ్రిడ్‌లో కరెంటు ఎక్కువైందని తయారీ తగ్గించమన్నారనుకోండి, సొరంగంలోకి పోవాల్సిన నీళ్లన్నీ ఇక గేట్ల నుంచే పోవాలి, ఎందుకంటే నిలబెట్టుకునే చోటు ఆ చిన్న డ్యామ్‌కి లేదు. మేట వేసిన బురదని కడగడానికీ అప్పుడప్పుడు గేట్లు ఎత్తుతారు. 2014లో మన పిల్లలు ఉన్నది డ్యామ్‌కి కొద్ది కిలోమీటర్ల దిగువనే.

ఇంకో చోటు పవర్‌హౌస్ కింద. చాలా ప్రాజెక్టులు పగలు నీళ్లు కూడబెట్టుకుని, కరెంటు వాడకం పెరిగే సాయంత్రం మెషిన్లన్నీ ఒకేసారి తిప్పుతాయి. అప్పుడు దిగువన నది ఒక్కసారిగా లేస్తుంది. పొద్దున చూసిన నదిని బట్టి సాయంత్రం నదిని అంచనా వేయకూడదు అనడానికి ఇది రెండో కారణం.

మరి ఏం చేయాలంటే, బండి దిగే ముందే ఫోన్‌లో మ్యాప్ తీసి శాటిలైట్ బొమ్మలో నది వెంట ఎగువకి చూస్తూ వెళ్లండి, నదికి అడ్డంగా తిన్నటి తెల్లగీత, దాని వెనక నీళ్లు వెడల్పై నిలబడి ఉంటే అది డ్యామ్. కొన్ని చోట్ల సిగ్నల్ ఉండదు కాబట్టి ఈ పని హోటల్లోనే చేసుకోండి. డ్యామ్ ఉందని తేలితే దాని దిగువన నదిలో దిగే ఆలోచనే మానేయండి, నీళ్లు ఎంత తక్కువ కనిపిస్తే అంత గట్టిగా మానేయండి. ఒడ్డున రాళ్ల మీద నీటి గుర్తు చూడండి, ఒక ఎత్తు దాకా రాళ్లు శుభ్రంగా కడిగినట్టు, నాచు గానీ గడ్డి గానీ లేకుండా ఉంటాయి, ఆపైన గడ్డీ పొదలూ మొదలవుతాయి. నది మామూలుగా ఎంత ఎత్తుకి వస్తుందో ఆ గీత చెప్తుంది. మీరు, మీ పిల్లలు, మీ బండి ఆ గీతకి పైనే ఉండాలి. హెచ్చరిక బోర్డు లేదు కాబట్టి ఫరవాలేదు అనుకోవద్దు, సైరన్ మోగితే అప్పుడు చూద్దాంలే అని అసలే అనుకోవద్దు, కొండ మలుపుల్లో నది హోరులో సైరన్ వినిపించకపోవచ్చు.

నది మధ్యలో ఉన్న బండరాయి మీదికి ఫొటో కోసం ఎవరినీ వెళ్లనివ్వకండి. నీళ్లు పెరగడం మొదలైతే ముందు మునిగేది ఆ రాయి కాదు, ఆ రాయికీ ఒడ్డుకీ మధ్య ఉన్న పల్లం. చూసేసరికి మనిషి దీవి మీద ఉండిపోతాడు. నీళ్లు హఠాత్తుగా బురద రంగుకి తిరిగినా, ఆకులు పుల్లలు కొట్టుకొస్తున్నా, నది చప్పుడు మారినా, అడుగున రాళ్లు దొర్లుతున్న గుడగుడ వినిపించినా, బ్యాగులు చెప్పులు అక్కడే వదిలేసి పైకి ఎక్కండి. ఒడ్డు వెంట దిగువకి పరుగెత్తడం కాదు, ఎత్తుకి ఎక్కాలి. ఈత వచ్చు అన్న ధైర్యం ఇక్కడ పనికిరాదు, ఆ నీళ్లు దాదాపు మంచంత చల్లగా ఉంటాయి, కొద్ది నిమిషాల్లోనే చేతులు కాళ్లు మొద్దుబారిపోతాయి.

కుహల్ దగ్గర నిలబడి లెక్క కట్టడం

నదిలో దిగకుండా ఆ నీళ్లని చేత్తో తాకాలంటే మంచి చోటు కుహల్. కులూ, కాంగ్రా వైపు పల్లెల్లో కొండవాలు వెంట పోయే చిన్న కాలువని కుహల్ అంటారు, స్పితిలో కుల్ అంటారు. మన పిల్లకాలువ లాంటిదే. వాగుకి అడ్డంగా రాళ్లు, కొమ్మలు పేర్చి నీళ్లని పక్కకి తిప్పుతారు, వరద వచ్చినప్పుడల్లా అది కొట్టుకుపోతుంది, మళ్లీ ఊరంతా కలిసి పేరుస్తారు. కాంగ్రాలో ఈ నీళ్ల పంపకం చూసే మనిషిని కోహ్లీ అంటారు. మన చెరువుల కింద తూము తెరిచి, వంతులు చూసి, ఆఖరి మడి దాకా నీళ్లు చేర్చే నీరటి చేసే పనే అది. తెలంగాణ పల్లెల్లో పెరిగినవాళ్లకి ఆ మనిషి విలువ తెలుసు, అక్కడ కోహ్లీని చూస్తే మన ఊరి మనిషిని చూసినట్టే ఉంటుంది.

కులూ యాపిల్ తోటల వెనక కూడా ఈ నీళ్లే ఉన్నాయి. 1870లో కెప్టెన్ ఆర్.సి. లీ అనే ఇంగ్లీషు ఆయన బంద్రోల్‌లో యాపిల్ తోట వేశాడు, అక్కడి నుంచి లోయంతా పాకింది. స్పితిలో అయితే ఎండ గడియారాన్ని జనం ఎంత బాగా అర్థం చేసుకున్నారో చూడాలి, హిమానీనదం దగ్గర పగలు కరిగిన నీళ్లు కిలోమీటర్ల కొద్దీ కుల్‌లో ప్రయాణించి ఊరికి చేరేసరికి సాయంత్రం దాటుతుంది, ఆ నీళ్లని రాత్రంతా ఊరి పైన చెరువులో పట్టి ఉంచి పొద్దున పొలాలకి వదులుతారు.

కుహల్‌లో ఎంత నీళ్లు పారుతున్నాయో మీరే కొలవొచ్చు, టేపు, ఫోన్‌లో స్టాప్‌వాచ్ ఉంటే చాలు. కాలువ తిన్నగా ఉన్న పది మీటర్ల ముక్క చూసుకోండి. వెడల్పు కొలవండి, మూడు నాలుగు చోట్ల పుల్లతో లోతు చూసి సగటు తీయండి. పై చివర ఒక ఎండు పుల్లని వదిలి కింది చివరికి ఎన్ని సెకన్లలో వచ్చిందో చూడండి, నాలుగైదు సార్లు చేయండి. ఉదాహరణకి వెడల్పు ఒక మీటరు, లోతు 30 సెంటీమీటర్లు, పుల్ల 12.5 సెకన్లలో వచ్చింది అనుకుందాం. అంటే పైన వేగం సెకనుకి 80 సెంటీమీటర్లు. అడుగున రాళ్లకి రాసుకుని నీళ్లు నెమ్మదిగా పోతాయి కాబట్టి ఆ వేగంలో ఐదింట నాలుగు వంతులే తీసుకోవాలి, 64 సెంటీమీటర్లు. దీన్ని వెడల్పుతో, లోతుతో గుణిస్తే సెకనుకి 192 లీటర్లు, మన భాషలో ఆరున్నర ఏడు క్యూసెక్కుల మధ్య.

ఇప్పుడు పొలం లెక్క. ఒక క్యూసెక్కు 12 గంటలు పారితే ఒక ఎకరంలో అడుగు ఎత్తున నీళ్లు నిలబడతాయి, ఇది గుర్తుపెట్టుకుంటే మన కాలువల కింద కూడా పనికొస్తుంది. మన కుహల్ ఒక రాత్రి, అంటే 12 గంటల వంతులో మూడంగుళాల తడి చొప్పున 27 ఎకరాలకి సరిపోవాలి, దారిలో ఇంకిపోయేది సగం తీసేసినా 13 ఎకరాలు. అలాంటి బుల్లి కాలువ ఒక్క రాత్రిలో 13 ఎకరాలు తడపగలదంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

కరెంటు లెక్క ఇంకా సులువు. సెకనుకి ఎన్ని ఘనపు మీటర్లో ఆ అంకెని, నీళ్లు పడే ఎత్తు ఎన్ని మీటర్లో దాన్ని, 9.81ని గుణిస్తే కిలోవాట్లు వస్తాయి. మన కుహల్ నీళ్లు 10 మీటర్ల ఎత్తు నుంచి పడితే 0.192 ఇంటూ 10 ఇంటూ 9.81, దాదాపు 19 కిలోవాట్లు. చిన్న మెషిన్లలో నష్టాలుంటాయి, 60 శాతం చేతికొస్తుందనుకుంటే 11 కిలోవాట్లు. ఈ పడే నీళ్లతోనే అక్కడ తరతరాలుగా ఘరాట్ నడిపారు, అంటే నీటి తిరగలి, చెక్క తొట్టిలోంచి దూకే నీళ్లు కింద అడ్డంగా ఉన్న చక్రాన్ని తిప్పితే పైన రాయి మొక్కజొన్న విసురుతుంది. పెద్ద ప్రాజెక్టులోనూ సూత్రం ఇదే, అంకెలే మారతాయి. 1930ల మొదట్లో జోగిందర్‌నగర్‌లో కల్నల్ బాటీ అనే ఇంజినీరు ఉహ్ల్ అనే ఉపనది నీళ్లని కొండకి అవతలి వైపు దింపి శానన్ పవర్‌హౌస్ కట్టించాడు. కొండ మీదికి సామాను లాగడానికి వేసిన ట్రాలీ పట్టాలు ఇప్పటికీ ఉన్నాయి, దారిలో పడితే ఆగి చూడండి.

నీళ్ల వెంట కిందికి

మనాలీ నుంచి తిరిగొచ్చేటప్పుడు మండీకి ముందు పండో డ్యామ్ తగులుతుంది. 1977లో కట్టింది, 76 మీటర్ల ఎత్తు. ఇక్కడ బియాస్ నీళ్లలో పెద్ద భాగాన్ని వేరే నదికి పంపించేస్తారు. 13 కిలోమీటర్ల సొరంగంలో బగ్గీకి, అక్కడి నుంచి దాదాపు 12 కిలోమీటర్ల కాలువలో సుందర్‌నగర్‌కి, మళ్లీ 12 కిలోమీటర్ల సొరంగంలో సట్లెజ్ ఒడ్డున ఉన్న డెహర్ పవర్‌హౌస్‌కి. అక్కడ 990 మెగావాట్లు తీసి, ఆ నీళ్లని భాక్రా రిజర్వాయర్లో కలుపుతారు. మొదటి సొరంగంలో 9,000 క్యూసెక్కులు పడతాయి. 11,574 క్యూసెక్కులు రోజంతా పారితే ఒక టీఎంసీ కదా, అంటే ఆ సొరంగం నిండుగా పారితే రోజుకి ముప్పావు టీఎంసీ పైన. ఏడాదికి మళ్లించడానికి వేసుకున్న లెక్క 4,716 మిలియన్ ఘనపు మీటర్లు, 166 టీఎంసీలు. సాగర్ నిండితే 312 టీఎంసీలు, అందులో సగానికి పైగా నీళ్లు ఏటా కొండల కిందినుంచి ఒక నది నుంచి ఇంకో నదికి మారుతున్నాయన్నమాట.

సుందర్‌నగర్‌లో రోడ్డు పక్కనే కనిపించే సరస్సు విహారానికి తవ్వింది కాదు, ఇక్కడ నీళ్లు పట్టి ఉంచి కరెంటు అవసరమైన వేళకి వదులుతారు. మీ సీసా అడుగున చేరిన రాతిపిండే ఇక్కడ కొండలా పేరుకుంటుంది, డ్రెడ్జర్లతో తోడుతూనే ఉండాలి. తోడిన బురదని సుకేతీ వాగులోకి వదలడం వల్ల బల్హ్ లోయ రైతుల పొలాలు పాడవుతున్నాయని ఏళ్లుగా గొడవ నడుస్తోంది. వాళ్ల బాధలో నిజముంది, కరెంటు కోసం తోడిన బురద పండే మడిలోకి రావడం ఏ రైతూ ఒప్పుకునే సంగతి కాదు.

మిగిలిన బియాస్ కాంగ్రా మీదుగా పాంగ్ డ్యామ్‌కి, తర్వాత పంజాబ్‌లో హరికే దగ్గర సట్లెజ్‌లోకి చేరుతుంది. హరికే నుంచే ఇందిరా గాంధీ కాలువ బయల్దేరి రాజస్థాన్ ఎడారిలోకి వెళ్తుంది. 1960 సింధు జలాల ఒప్పందంలో రావి, బియాస్, సట్లెజ్ మన దేశానికి వచ్చాయి కాబట్టి ఇదంతా కుదిరింది. రోహ్‌తాంగ్ మంచు జైసల్మేర్‌లో గోధుమ పండిస్తోందంటే గొప్ప విషయమే, కానీ పాంగ్ ముంపులో ఊళ్లు పోయినవాళ్లకి రాజస్థాన్‌లో ఇస్తామన్న భూముల కోసం దశాబ్దాలు తిరిగిన కుటుంబాలున్నాయి. శ్రీశైలం ముంపు గ్రామాలవాళ్లకి ఆ బాధ విడమరిచి చెప్పక్కర్లేదు.

వీలైతే జనవరిలో ఒకసారి వెళ్లండి. మంచు చూడ్డానికి ఎలాగూ వెళ్తారు, దారిలో ఏదైనా డ్యామ్ దిగువన రోడ్డు మీద ఆగి నది వైపు చూడండి. పైన కరగడం ఆగిపోయి నదే సన్నబడి ఉంటుంది, అందులోంచి సొరంగానికి పోగా మిగిలింది కనిపిస్తుంది. చలికాలంలో కూడా కనీసం 15 శాతం నీళ్లు నదిలో వదలాలని హిమాచల్‌లో నిబంధన ఉంది. ఉన్నంతలో అది మంచిదే, కానీ చేపలకి, దిగువ కుహల్‌లకి, ఘరాట్‌లకి అది చాలదనే నాకనిపిస్తుంది. ప్రాజెక్టు ఉన్న రాష్ట్రానికి 12 శాతం కరెంటు ఉచితంగా వస్తుంది, నది పక్క ఊళ్లకి మాత్రం నది తగ్గిపోతుంది.

హిమానీనదాలు వెనక్కి జరుగుతున్నాయి, వాటి ముందు కొత్త సరస్సులు ఏర్పడుతున్నాయి. 2021 ఫిబ్రవరి 7న ఉత్తరాఖండ్ చమోలీలో కొండచరియ, మంచు కలిసి విరిగిపడి రెండు జలవిద్యుత్ ప్రాజెక్టుల్ని, 200 మందికి పైగా మనుషుల్ని తీసుకుపోయింది. అది ఎండ కాసిన పొద్దుటి పూట. 2023 అక్టోబరు 4న సిక్కింలో దక్షిణ ల్హోనక్ సరస్సు తెగి చుంగ్‌థాంగ్ దగ్గర 1,200 మెగావాట్ల ప్రాజెక్టు డ్యామ్ రాత్రికి రాత్రే కొట్టుకుపోయింది. ఇలాంటివి ఏ గడియారానికీ అందవు. ఒడ్డుకి ఎత్తుగా ఉన్న గది తీసుకోవడం, రాత్రి విచిత్రమైన హోరు వినిపిస్తే చూద్దామని నదికేసి కాకుండా కొండకేసి నడవడం, మన చేతిలో ఉన్నవి ఇవే.

వెళ్లేటప్పుడు ఒక హిందీ ముక్క మాత్రం నేర్చుకుని వెళ్లండి. హోటల్ వాళ్లని కాదు, నది పక్కన టీ కొట్టు నడిపే ముసలివాళ్లనో, కుహల్ దగ్గర పార పట్టుకుని ఉన్న రైతునో అడగండి: "పానీ కబ్ ఛోడ్‌తే హై? కహా తక్ ఆతా హై?" నీళ్లు ఎప్పుడు వదులుతారు, ఎక్కడి దాకా వస్తాయి అని. వాళ్లు చెయ్యెత్తి ఫలానా రాయి దాకా అని చూపిస్తారు. జవాబు సరిగా దొరక్కపోతే రోడ్డు మీదే నిలబడి చూడండి, నది అక్కడి నుంచి కూడా బాగా కనిపిస్తుంది.